పేజీ తిప్పితే దెయ్యం

2024 సెప్టెంబరు 28 రాత్రి అమెరికాలోని అడల్ట్ స్విమ్ చానల్‌ ‘ఉజుమకి’ అనే యానిమేషన్ సిరీస్ మొదలుపెట్టింది. మొత్తం నాలుగే భాగాలు. 2019లో ప్రకటించి, వచ్చే ఏడాదే అని ఊరించి, ఐదేళ్ళకు తెచ్చారు. మొదటి భాగం చూసిన అభిమానులు పండగ చేసుకున్నారు. జపాన్ చిత్రకారుడు జున్‌జి ఇతో గీసిన నలుపు తెలుపు మాంగా (బొమ్మల కథ) గీత గీతకూ ప్రాణం పోసుకుని తెరమీద కదిలిందన్నారు. వారం గడిచి రెండో భాగం వచ్చేసరికి వాళ్ళే తలలు పట్టుకున్నారు. నడకలు బిగుసుకుపోయాయి, ముఖాలు చదునైపోయాయి. ఇది అసలు అదే సిరీసేనా అన్న అనుమానం వచ్చింది. దారి లేక ఉన్నదాన్ని ఉన్నట్టు చూపించాల్సి వచ్చిందని నిర్మాత జేసన్ డిమార్కో స్వయంగా చెప్పుకొచ్చారు.

పుస్తకంలో గుండె ఝల్లుమనిపించిన బొమ్మ తెరమీదికి వచ్చేసరికి ఎందుకు చల్లారిపోతుంది? ముప్పై ఏళ్ళుగా జపాన్ సినిమావాళ్ళు ఈ చిక్కుముడితోనే కుస్తీ పడుతున్నారు.

ఇతో కొంతకాలం దంతాల ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా పనిచేసి, 1987లో ‘తోమియే’ కథతో మాంగాలోకి వచ్చాడు. 1998, 99లో సీరియల్‌గా వచ్చిన ‘ఉజుమకి’లో భూతం లేదు, పిశాచం లేదు, పగబట్టిన ఆత్మ లేదు. ఉన్నదల్లా ఒక ఆకారం, సుడి. కురోజు అనే చిన్న ఊరిని ఆ ఆకారం పట్టుకుంటుంది. ఒక పెద్దాయన నత్తగుల్లలు, సుడి ముగ్గులున్న బట్టలు, పింగాణీ గిన్నెలు పోగేసుకుని వాటినే చూస్తూ కూర్చుంటాడు. చివరికి గుండ్రటి చెక్క తొట్టిలో ఒళ్ళంతా చుట్టలు చుట్టుకుపోయి కనిపిస్తాడు. మాటల్లో చెబితే ఇది నవ్వు తెప్పిస్తుంది. బొమ్మగా చూస్తే కడుపులో దేవుతుంది.

ఆ తేడా ఎక్కడుందో తెలియాలంటే పుస్తకం చేతిలో పట్టుకోవాలి. జపాన్ పుస్తకాన్ని కుడి నుంచి ఎడమకు చదువుతారు. ఎడమ పేజీలో అట్టడుగు గడిలో ఒకమ్మాయి దేన్నో చూసి కళ్ళు పెద్దవి చేసి నిలబడి ఉంటుంది. ఏం చూసిందో ఆ పేజీలో ఉండదు. అది పేజీ తిప్పాక పేజీ నిండా ఉంటుంది. తిప్పాల్సింది చదివేవాడే. వద్దనుకుంటే పుస్తకం మూసేయొచ్చు, కానీ ఎవడూ మూయడు. తిప్పిన తర్వాత ఆ బొమ్మ ముందు ఎంతసేపు ఉండాలన్నదీ చదివేవాడి ఇష్టమే. ఇతో ఒక్కో వెంట్రుకనూ, చర్మం మీది ఒక్కో ముడతనూ సన్నటి గీతలతో నింపేది అందుకే. కన్ను అక్కడే తచ్చాడాలి. చూసినకొద్దీ ఇంకోటేదో బయటపడాలి.

సినిమాలో ఈ పగ్గాలు ప్రేక్షకుడి చేతిలో ఉండవు. అక్కడ సెకనుకు 24 ఫ్రేములు దర్శకుడు చెప్పినట్టే పరుగెత్తుతాయి.

ఇదేదో మనకు సంబంధంలేని జపాన్ గొడవ అనుకోనక్కర్లేదు. ‘చందమామ’ బేతాళ కథల తలకట్టు బొమ్మను మరిచిపోయిన తెలుగువాళ్ళు తక్కువ. చేతిలో కత్తి, భుజం మీద శవం, చుట్టూ శ్మశానం, నడుస్తున్న విక్రమార్కుడు. 2020లో కన్నుమూసిన శంకర్ గీసిన బొమ్మ అది. నెలనెలా అదే బొమ్మ, అదే చీకటి. రాజు ఎప్పుడూ దారి మధ్యలోనే ఉంటాడు, శవం ఎప్పుడూ నోరు విప్పబోతూనే ఉంటుంది. 1985లో రామానంద్ సాగర్ ఈ కథల్ని దూరదర్శన్‌కు ‘విక్రమ్ ఔర్ బేతాళ్’గా తీశారు. అరుణ్ గోవిల్ విక్రముడు, సజ్జన్ బేతాళుడు. సీరియల్ దేశమంతా ఆడింది. పిల్లలకు బేతాళుడి నవ్వు తెగ నచ్చింది. అసలు తంటా అక్కడే వచ్చింది. బేతాళుడు ముద్దొచ్చాడు, జడిపించలేదు. పెద్దవాళ్ళయినవాళ్ళు ఆ సీరియల్‌ను తలుచుకుని ముసిముసిగా నవ్వుకుంటారు గానీ, శ్మశానం గుర్తొచ్చి ఉలిక్కిపడినట్టు చెప్పరు.

కదలని బొమ్మకున్న ఈ బలం రాయలసీమలోని మడకశిర ప్రాంతంవాళ్ళకు కొత్తేమీ కాదు. హిందూపురం మీదుగా లేపాక్షి వెళ్ళినవాళ్ళందరికీ వీరభద్రాలయంలో అసంపూర్తిగా మిగిలిపోయిన కల్యాణ మంటపం దగ్గర గోడమీద రెండు ఎర్రటి మచ్చలు చూపిస్తారు. ఖజానా సొమ్ము గుడికి ఖర్చుపెట్టాడన్న నేరానికి కళ్ళు పీకించబోతే, విరూపణ్ణ తానే పెరికి గోడకు విసిరికొట్టాడని స్థలపురాణం. అక్కడున్నది రెండు మరకలు, అంతే. మిగతాదంతా చూసేవాడే ఊహించుకుంటాడు. అదే ఘట్టాన్ని కంప్యూటర్ గ్రాఫిక్స్‌తో, నెత్తురు చిమ్మించి తీస్తే ఎవడైనా రెండోసారి చూస్తాడా?

ఇతో కథల్ని తెరకెక్కించిన చాలామంది ఆ తప్పే చేశారు. 2018లో స్టూడియో డీన్ తీసిన ‘జున్‌జి ఇతో కలెక్షన్’ రంగులద్దింది, సన్నటి గీతల్ని చెరిపేసింది. బొమ్మలు కదిలాయి, కథలు పూర్తయ్యాయి, భయం మాత్రం రాలేదు. ‘తోమియే’ది మరో రకం కష్టం. ఆ అమ్మాయిని ఎన్ని ముక్కలు చేసినా ప్రతి ముక్కా మళ్ళీ తోమియేగా మొలుస్తుంది. కాగితం మీద దీనికి ఖర్చు ఒక సిరా సీసా. 1990ల చివర మిహో కన్నో నటించిన సినిమాతో మొదలై 2011 దాకా తోమియే సినిమాలు వరసగా వచ్చాయి. తక్కువ బడ్జెట్‌లో ఆ మొలకల్ని చూపించడం అయ్యేపని కాక, మొదటి సినిమా ఆమె ముఖాన్నే చాలాసేపు దాచిపెట్టింది. నిజానికి అది తెలివైన పనే.

2000లో హిగుచిన్‌స్కీ తీసిన ‘ఉజుమకి’ సినిమా ఇంకో దారి పట్టింది. మాంగాను మక్కీకి మక్కీ దించలేదు, ముగింపు కూడా మార్చేసింది. తెరంతా పాచిపట్టిన నీటిరంగు పులిమింది. అక్కడక్కడా మూలల్లో సుడులు తిరిగి మాయమవుతాయి. చూసేవాడు తనకు నిజంగా కనిపించిందా, లేక భ్రమా అని తేల్చుకోలేడు. సినిమా గొప్పదేమీ కాదు గానీ, పేజీ తిప్పడం అనే ఆయుధం లేనప్పుడు వేరే ఆయుధం వెతుక్కోవాలన్న ఎరుక దానికుంది.

2024 సిరీస్ మొదటి భాగంలో దర్శకుడు హిరోషి నగహమా చేసిందీ అలాంటిదే. నటుల కదలికల్ని రికార్డు చేసి, వాటి ఆధారంగా ఇతో గీతల్ని గీయించాడు. మనుషులు మామూలు కార్టూన్లలా గంతులు వేయరు. నిదానంగా, నిజం మనుషుల్లా కదులుతారు. దానికి తోడు కోలిన్ స్టెట్సన్ సంగీతం ఊపిరాడనివ్వదు. చదివేవాడి చేతిలోంచి లాక్కున్న సమయాన్ని అక్కడ కొంతైనా తిరిగి ఇచ్చారు. తర్వాతి భాగాల్లో లోపించింది ఈ ఓపికే.

అన్ని భయానక మాంగాలూ తెరకు లొంగవనుకోవడం కూడా పొరపాటే. హితోషి ఇవాకి ‘పారసైట్’లో పరాన్నజీవి ఒకటి కుర్రాడి కుడిచేతిలో తిష్ఠవేసి అతనితో మాట్లాడుతుంది. మిగతా పరాన్నజీవులు మనుషుల తలల్లో చేరతాయి. ఆ తలలు చీలి, కత్తులై గాలిలో తిరుగుతాయి. ఇక్కడ భయం పుట్టేదే కదలికలో. అందుకే 2014లో మ్యాడ్‌హౌస్ చేసిన యానిమేషనూ, అదే ఏడాది తకాషి యమజాకి మొదలుపెట్టిన రెండు భాగాల సినిమా కూడా నిలబడ్డాయి. తర్వాత ‘గాడ్జిల్లా మైనస్ వన్’కు విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ అందుకున్నది ఈ యమజాకే.

కదిలే బొమ్మతో భయపెట్టే విద్య మన సీమకూ తెలుసు. మడకశిర ఉన్న శ్రీసత్యసాయి జిల్లాలోనే, ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మల కుటుంబాలున్నాయి. అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. బొమ్మను తెల్లటి తెరకు ఆనిస్తే చెవిపోగుల చిల్లులతో సహా స్పష్టంగా కనిపిస్తుంది. అదే బొమ్మను దీపం వైపు వెనక్కి లాగితే అంచులు చెదిరి, నీడ పెరిగి, రాక్షసుడు తెరంతా కమ్ముకుంటాడు. కింద చెక్కపలకల్ని కాళ్ళతో తొక్కి చప్పుడు చేస్తారు. ఎంత నిదానంగా లాగాలి, ఎప్పుడు తొక్కాలి అన్నది ఆటగాడు ముందున్న జనాన్ని బట్టి ఆ క్షణంలోనే తేల్చుకుంటాడు. యానిమేషన్ స్టూడియోకు ఆ వెసులుబాటు లేదు.

ఇక బొమ్మలే లేని భయం సంగతి. యండమూరి నవల ‘తులసిదళం’ ఆంధ్రభూమిలో సీరియల్‌గా వస్తున్నప్పుడు క్షుద్రపూజను ఎవరికి వారే ఊహించుకున్నారు. 1985లో అది కన్నడ సినిమా అయింది.  మరుసటేడు దాని కొనసాగింపు ‘తులసి’ నవల తెలుగులో ‘కాష్మోరా’గా వచ్చింది. ఇప్పటికీ జనం చెప్పుకునేది నవలల గురించే.

‘ఉజుమకి’ జోలికి వెళ్ళాలనుకునేవారు ముందు పుస్తకం చదవండి, వీలైతే ఫోన్‌లో కాకుండా కాగితం మీద. ఫోన్‌లో వేలితో పైకి తోసేస్తూ పోతే ఆ పేజీ దెబ్బ సగం పోతుంది. తర్వాత 2024 సిరీస్ మొదటి భాగం చూడండి. మిగతా మూడూ చూడకపోయినా నష్టం లేదు.