అమెరికా వలస చట్టంలో నేరనిర్ధారణ: ఒక్క రోజు తేడా

అమెరికాలో నివసించే విదేశీయుని విషయంలో క్రిమినల్ న్యాయస్థానం ఇచ్చిన తీర్పు అక్కడితో ముగియదు. వలస చట్టం దానిని తన నిర్వచనాల ప్రకారం మళ్ళీ పరిశీలిస్తుంది. ఆ నిర్వచనాలకూ రాష్ట్రాల శిక్షాస్మృతులకూ పొత్తు కుదరకపోవడమే చిక్కులకు మూలం.

1996 నాటి సవరణ ప్రకారం, నిందితుడు నేరాన్ని అంగీకరించి, న్యాయమూర్తి ఏ కొద్దిపాటి శిక్షనో ఆంక్షనో విధించినా అది నేరనిర్ధారణే. కొన్ని రాష్ట్రాలలో పరిశీలన కాలం సక్రమంగా గడిపినవారి కేసును కొట్టివేస్తారు. రాష్ట్రం దృష్టిలో అతడు నిర్దోషి, వలస అధికారి దృష్టిలో దోషి. అమలు నిలిపివేసిన జైలు శిక్షనూ పూర్తి శిక్షగానే లెక్కిస్తారు.

‘అగ్రవేటెడ్ ఫెలొనీ’ అనే వర్గం 1988లో ఏర్పడినప్పుడు హత్య, మాదకద్రవ్యాల అక్రమ వ్యాపారం, ఆయుధాల అక్రమ వ్యాపారాలకే పరిమితం. క్రమంగా చోరీ, హింసాత్మక నేరాలు చేరాయి. వీటికి మొదట ఐదేళ్ళ శిక్ష ఉండాలన్నారు. 1996లో దానిని ఏడాదికి తగ్గించి, పాత తీర్పులకూ వర్తింపజేశారు. పేరులో ఎంత తీవ్రత ఉన్నా, రాష్ట్ర చట్టంలో స్వల్ప నేరమైనదీ ఇందులోకి రావచ్చు. చోరీకి 365 రోజుల శిక్ష పడితే గ్రీన్ కార్డు ఉన్నవారికి సైతం దేశబహిష్కరణ దాదాపు తప్పదు. 364 రోజులైతే ఆ వర్గంలోకి రాదు. అమెరికాలో అడుగుపెట్టిన ఐదేళ్ళలోపు నైతిక పతనాన్ని సూచించే నేరం చేసినవారికి మరొక నిబంధన ఉంది. అక్కడ చూసేది విధించిన శిక్షను కాదు, విధించగల గరిష్ఠ శిక్షను. అందుకే వాషింగ్టన్ 2011లో, కాలిఫోర్నియా 2015 నుండి, న్యూయార్క్ 2019లో స్వల్ప నేరాల గరిష్ఠ శిక్షను 364 రోజులకు కుదించాయి. కాలిఫోర్నియా ఈ కుదింపును పాత తీర్పులకూ విస్తరించగా, వలస అప్పీళ్ళ బోర్డు 2018లో అంగీకరించలేదు.

పౌరసత్వానికి సాధారణంగా ఐదేళ్ళ సచ్ఛీలత చూపాలి. 1990 నవంబరు 29న గాని ఆ తరువాత గాని అగ్రవేటెడ్ ఫెలొనీ రుజువైనవారికి ఆ అవకాశం శాశ్వతంగా మూతపడుతుంది. అంతకన్నా విషాదమేమంటే, దరఖాస్తు కోసం ఇచ్చిన వేలిముద్రలే పాత కేసును బయటపెట్టి బహిష్కరణ నోటీసుకు దారితీయవచ్చు. దుకాణంలో చిన్న చోరీ కేసును ‘జరిమానాతో పోతుంది’ అనుకుని ఒప్పుకునే తెలుగు విద్యార్థికి, హెచ్-1బి ఉద్యోగికి ఈ సంగతి ముందే తెలియాలి.

చెప్పవలసిన బాధ్యత ఎవరిది? హోండురాస్‌లో పుట్టి, నలభై ఏళ్ళకు పైగా అమెరికాలో చట్టబద్ధంగా నివసించిన హోసే పాడిల్లా గంజాయి రవాణా కేసులో నేరం అంగీకరించాడు. ఇంతకాలంగా ఉంటున్నందున వలస హోదాకు భయం లేదని న్యాయవాది చెప్పాడన్నది అతని వాదన. బహిష్కరణ ప్రమాదాన్ని కక్షిదారుకు తెలియజేయడం న్యాయవాది రాజ్యాంగబద్ధ విధి అని సుప్రీంకోర్టు 2010 మార్చి 31న తీర్పు చెప్పింది. అయితే అప్పటికే అంతిమమైన కేసులకు ఆ తీర్పు వర్తించదని 2013లో అదే న్యాయస్థానం తేల్చింది.