మోకాలి లోతు నీళ్లకు ఏ ఇంజన్?
జెట్టా, ప్రొపెల్లరా? పులికాట్ నేర్పే ఇంజినీరింగ్ పాఠం

ఇంటర్వ్యూలో మిమ్మల్ని ఇలా అడిగారనుకోండి. ‘వరద నీళ్లు కాలనీలోకి వచ్చాయి. ఒకచోట మోకాలి లోతు, ఇంకోచోట నడుము లోతు. ఎనిమిది మందిని పడవలో బయటికి తేవాలి. పడవ వెనక ఏ ఇంజన్ బిగిస్తావు? జెట్టా, ప్రొపెల్లరా?’

ఇది సిలబస్‌లో ఎక్కడుందని వెతక్కండి. ఆర్కిమెడిస్ సూత్రం, న్యూటన్ మూడో నియమం, దక్షత.. ఈ మూడూ తెలిస్తే జవాబు మీ దగ్గరే ఉంది. ‘జెట్ కొత్తది కాబట్టి అదే మంచిది’ అని ఠక్కున చెప్పేస్తే మాత్రం అవకాశం చేజారినట్టే. అడిగేవాళ్లకు కావాల్సింది ఇంజన్ పేరు కాదు, దాన్ని ఎందుకు ఎంచుకున్నారనే లెక్క.

సీమలో పడవ చదువేంటి?

కరువు సీమలో పడవలతో మనకేం పని అంటారా? 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడ్డాక సూళ్లూరుపేట, తడ మన జిల్లాలోకి వచ్చాయి. వాటితోపాటు పులికాట్ సరస్సూ వచ్చింది. దేశంలో చిలికా తర్వాత అతిపెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. సగటు లోతు దాదాపు ఒక మీటరే. ఎండాకాలంలో ఉత్తరం వైపు చాలాచోట్ల నీళ్లు ఇంకిపోయి ఉప్పు పొర తేలుతుంది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు మీద బస్సెక్కినవాళ్లకు ఈ దృశ్యం తెలిసిందే. ఈశాన్య రుతుపవనాలు వచ్చి కాళంగి, ఆరణి నదులు పారితే మళ్లీ నిండుతుంది. ఇరకం దీవి ప్రజలకు పడవే బస్సు. ఆస్పత్రికైనా, సరుకులకైనా సరస్సు దాటాల్సిందే.

ఇక వరదల సంగతి. 2021 నవంబరులో తిరుపతి వీధులు కాలువలయ్యాయి. స్వర్ణముఖి పొంగింది. రాయలచెరువు కట్టకు గండిపడుతుందేమోనని కింది ఊళ్లను ఖాళీ చేయించారు. అదే వారం, నవంబరు 19న, పక్కనే చెయ్యేరు మీదున్న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఎన్డీఆర్ఎఫ్, ఎస్డీఆర్ఎఫ్ బృందాలు పడవలు దించాల్సి వచ్చింది. కాబట్టి పై ప్రశ్న ఊహాజనితం కాదు.

రెండిటి పని తీరు

పడవ వెనక చెక్కకు బిగించే ఇంజన్‌ను అవుట్‌బోర్డ్ అంటారు. పై భాగం, అంటే సిలిండర్లు ఉండే తల, రెండు రకాల్లోనూ ఒకటే. తేడా అంతా కింది కాలులోనే.

ప్రొపెల్లర్ రకంలో నిలువు షాఫ్ట్ కిందికి వచ్చి, గేర్ల ద్వారా అడ్డంగా తిరిగి, రెక్కల చక్రాన్ని తిప్పుతుంది. రెక్కలు నీళ్లను వెనక్కి నెడితే పడవ ముందుకు పోతుంది. రెక్కలు బాగా పట్టాలంటే అవి పడవ అడుగు కంటే కింద, కదలని నీళ్లలో ఉండాలి. చిక్కు అక్కడే. పడవ తేలినా రెక్క నేలకు తగలొచ్చు.

జెట్ రకంలో గేర్లు, బయటి రెక్కలు ఉండవు. షాఫ్ట్ చివర ఇంపెల్లర్ ఒక గూటిలో తిరుగుతుంది. అది కింద ఉన్న జల్లెడ లాంటి కమ్మీల గుండా నీళ్లను పీల్చి, వెనక నాజిల్ నుంచి వేగంగా చిమ్ముతుంది. పొలంలో మోటారు పంపు చేసే పనే ఇది. జెట్ కాలు పడవ అడుగుతో సమానంగా ఉంటుంది. కిందికి వేలాడే భాగం దాదాపు లేదు.

లోతు లెక్క వేద్దాం

పడవ అడుగు చదునుగా, 6 చదరపు మీటర్లు ఉందనుకోండి. పడవ ఒక సెంటీమీటరు మునిగితే పక్కకు తప్పుకునే నీళ్లు 0.06 ఘనపు మీటర్లు, అంటే 60 కిలోలు. సుమారుగా ఒక మనిషి బరువు. ‘మనిషికో సెంటీమీటరు’ అని గుర్తుపెట్టుకోండి.

ఖాళీ పడవ, ఇంజన్, ఇంధనం కలిపి 300 కిలోలైతే 5 సెంటీమీటర్లు మునుగుతుంది. ఎనిమిది మంది ఎక్కితే మరో 8. మొత్తం 13 సెంటీమీటర్లు. జానెడు కూడా లేదు! దీనికి ప్రొపెల్లర్ కాలు 25 నుంచి 30 సెంటీమీటర్లు, రాళ్లూ గుంతలకు కొంత వదులు కలపండి. దాదాపు అర మీటరు నీళ్లు కావాలి. జెట్‌కు ఆ 25 సెంటీమీటర్లు మిగులుతాయి.

ఇంతవరకు చూస్తే జెట్‌దే గెలుపు. అయితే తొందరపడొద్దు.

జెట్ అడిగే మూల్యం

మొదటిది శక్తి. ఒకే తలకు ప్రొపెల్లర్ బదులు జెట్ బిగిస్తే సుమారు 30 శాతం శక్తి పోతుంది. నీళ్లను గూటిలోకి పీల్చి, మలుపు తిప్పి, సన్నని దారిలో చిమ్మడంలో కలిగే నష్టం అది. అందుకే 115 హార్స్‌పవర్ తలకు జెట్ కాలు పెట్టి కంపెనీలు దాన్ని 80 అని అమ్ముతాయి. 60 ఉన్నది 40 అవుతుంది. అదే వేగం కావాలంటే పెద్ద ఇంజన్, ఎక్కువ బరువు, ఎక్కువ పెట్రోలు.

రెండోది వేగం. జెట్ పడవ అరచేతి లోతు నీళ్లలో దూసుకుపోయే వీడియోలు మీరు చూసే ఉంటారు. అది వేగంగా పోతూ నీటి మీదికి లేచినప్పుడే సాధ్యం. నెమ్మదిగా వెళ్తే పడవ మళ్లీ మునిగినంతా మునుగుతుంది. పైగా నిలకడగా ఉన్నచోట థ్రాటిల్ పెంచితే జెట్ అడుగునున్న ఇసుక, బురద, గులకరాళ్లను లోపలికి లాగేసుకుంటుంది. కాబట్టి బయల్దేరేచోట దానికీ అడుగు, అడుగున్నర నీళ్లు ఉండాలి. 40 హార్స్‌పవర్ ప్రొపెల్లర్ ఎనిమిది మందితో లేపగలిగే పడవను, 28కి పడిపోయిన జెట్ లేపలేకపోవచ్చు. లేవకపోతే జెట్ పెట్టిన ప్రయోజనమే పోయింది.

మూడోది చెత్త. నాచు, గుర్రపుడెక్క, ప్లాస్టిక్ సంచి, వల ముక్క.. ఏది కమ్మీలకు అడ్డుపడినా నీళ్లు అందవు. ఇంజన్ రయ్‌మని మోగుతుంది గానీ పడవ కదలదు. ఇసుక ఇంపెల్లర్ అంచులను అరగదీస్తుంది. ఇంపెల్లర్‌కు, గూటి గోడకు మధ్య సందు ఒక మిల్లీమీటరు కన్నా తక్కువే ఉండాలి. అది పెరిగేకొద్దీ తోపుడు తగ్గిపోతుంది.

నాలుగోది అదుపు. జెట్ పడవను తిప్పేది చిమ్మే నీళ్లే. భయంతో థ్రాటిల్ వదిలేస్తే పడవ తిరగదు, నేరుగా పోతుంది. వెనక్కి నడపడంలోనూ ప్రొపెల్లర్ అంత పట్టు ఉండదు.

జెట్ ఎక్కడ నెగ్గింది?

జెట్‌ను తీసిపారేయొద్దు. న్యూజిలాండ్‌లో బిల్ హామిల్టన్ 1950ల్లో జెట్ పడవను అభివృద్ధి చేసింది తన ప్రాంతపు లోతులేని గులకరాళ్ల నదుల కోసమే. 1960లో ఆ పడవలు అమెరికాలోని గ్రాండ్ కాన్యన్‌లో కొలరాడో నదికి ఎదురెక్కాయి. 1977లో ఎడ్మండ్ హిల్లరీ బృందం జెట్ పడవల్లోనే బంగాళాఖాతం నుంచి గంగ మీదుగా హిమాలయాల దాకా ఎదురీదింది. అవి లోపల ఇంజన్ ఉండే పడవలు. అయినా సూత్రం అదే.

ఆ నదులను గమనించండి. పరుగెత్తే నీళ్లు, అడుగున రాళ్లు, తక్కువ నాచు, వేగంగా పోవడానికి చోటు. రాయి తగిలితే ప్రొపెల్లర్ విరిగే చోట జెట్ బతికింది. ఇప్పుడు పులికాట్ చూడండి. నిలిచిన నీళ్లు, మెత్తని ఒండ్రు, నాచు, ఎక్కడ చూసినా వలలు. జెట్‌కు నచ్చనివన్నీ ఒకేచోట ఉన్నాయి.

ఇంకో మాట. పులికాట్ పక్షుల అభయారణ్యం. లోతులేని నీళ్లే ఫ్లెమింగోల మేత స్థలం. జెట్‌కు వేగం కావాలి, పక్షులకు నిశ్శబ్దం కావాలి. రెండూ కుదరవు. ఇక్కడ ఏ మోటారు పడవ నడపాలన్నా ముందు అటవీ శాఖ నిబంధనలు కనుక్కోవాల్సిందే.

మధ్యే మార్గాలు ఉన్నాయి

జవాబు రెండిట్లో ఒకటే కానక్కర్లేదు. ఇంటర్వ్యూలో ఈ సంగతి చెబితే మీ మీద గురి కుదురుతుంది.

- ప్రొపెల్లర్ ఇంజన్‌నే లోతు తగ్గినప్పుడు కొంచెం పైకి వంచి నెమ్మదిగా నడపొచ్చు. అయితే చల్లబరిచే నీళ్లు పీల్చే రంధ్రం నీళ్లలోనే ఉండాలి. లేదంటే ఇంజన్ వేడెక్కి పట్టేస్తుంది.
- పడవ వెనక చెక్క ఎత్తుకు సరిపోయే షాఫ్ట్ ఎంచుకోవాలి. 15 అంగుళాలు, 20 అంగుళాల షాఫ్ట్‌లు ఎక్కువగా దొరుకుతాయి. 15 చాలినచోట 20 బిగిస్తే అయిదు అంగుళాల లోతు చేజేతులా పోగొట్టుకున్నట్టే.
- మన తీరంలో ఫైబర్ పడవలకు వాడే పొడవాటి షాఫ్ట్ డీజిల్ ఇంజన్ ఉంది. షాఫ్ట్ ఏటవాలుగా వెనక్కి చాచి ఉంటుంది. లోతు తగ్గితే చేత్తో నొక్కి పైకి లేపొచ్చు. పేరున్న కాలేజీలో చదవనివాళ్లు ఎంచుకున్న ఈ డిజైన్‌లో ఎంత తెలివి ఉందో చూడండి.
- గెడ. అడుగు లోతు నీళ్లలో వెదురు గెడను మించిన ఇంజన్ లేదు. చెడిపోదు, పెట్రోలు తాగదు.

మరి మొదటి ప్రశ్నకు జవాబు?

వరద నీళ్లలో కరెంటు తీగలు, చీరలు, పరుపులు, సంచులు తేలుతుంటాయి. జెట్ కమ్మీలకు అవి గండం. ప్రొపెల్లర్‌కూ చుట్టుకుంటాయి. కానీ ఇంజన్ ఎత్తి కత్తితో కోసి తీయడం సులువు. ప్రొపెల్లర్‌తో అసలు ప్రమాదం వేరు. నీళ్లలో ఉన్న మనిషికి రెక్కలు తగలొచ్చు. ఈ విషయంలో జెట్‌ది పైచేయి. దానికి విరుగుడుగా రెక్కల చుట్టూ రక్షణ చట్రం బిగిస్తారు. కొంత వేగం తగ్గుతుంది, ఫరవాలేదు. మనిషిని ఎక్కించేటప్పుడు ఇంజన్ ఆపేయాలి. నడిపేవాడి ఒంటికి ఆపే తాడు కట్టి ఉండాలి. అతను జారి పడితే ఇంజన్ దానంతటదే ఆగుతుంది.

కాబట్టి ఇలా చెప్పండి: ‘నడుము లోతులో రక్షణ చట్రమున్న, పొట్టి షాఫ్ట్ ప్రొపెల్లర్. మోకాలి లోతులో ఇంజన్ పైకెత్తి, కర్రతో ముందు నేల తడుముకుంటూ పడవను తాడుతో లాక్కెళ్తాం. రాళ్ల నదిలో వేగంగా పోవాల్సి వస్తే, తక్కువ మందితో, జెట్.’ కర్ర ఎందుకని అడుగుతారు. మూత లేని మ్యాన్‌హోల్ నీటి కింద కనిపించదు కదా!

ఉద్యోగాలు ఎక్కడ?

ఎన్డీఆర్ఎఫ్‌లోకి నేరుగా నియామకం ఉండదు. బీఎస్ఎఫ్, సీఆర్పీఎఫ్ లాంటి కేంద్ర బలగాల నుంచి డెప్యుటేషన్ మీద తీసుకుంటారు. పదో తరగతి అర్హతతో స్టాఫ్ సెలక్షన్ కమిషన్ నిర్వహించే జీడీ కానిస్టేబుల్ పరీక్ష ఆ దారికి తొలి మెట్టు. నాలుగో బెటాలియన్ అరక్కోణంలో ఉంది. నగరి, పుత్తూరు వాళ్లకు పక్కూరే.

ఇంజన్ల మీద ఆసక్తి ఉంటే కేంద్ర మత్స్య శాఖకు చెందిన సిఫ్‌నెట్ చూడండి. కొచ్చి, చెన్నై, విశాఖపట్నంలో కేంద్రాలున్నాయి. పదో తరగతి అర్హతతో మెరైన్ ఫిట్టర్, వెసల్ నావిగేటర్ కోర్సులు, కొచ్చిలో నాలుగేళ్ల నాటికల్ సైన్స్ డిగ్రీ ఉన్నాయి. పర్యాటక పడవలు, జలక్రీడల వైపు వెళ్లాలంటే గోవాలోని జాతీయ జలక్రీడల సంస్థ శిక్షణ ఇస్తుంది. డీజిల్ మెకానిక్ ఐటీఐ, మెకానికల్ డిప్లొమా చేసినవాళ్లకు అవుట్‌బోర్డ్ సర్వీసింగ్ అదనపు నైపుణ్యం.

నడపాలనుకునేవాళ్లు లైసెన్సు విషయంలో రాజీ పడొద్దు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగిన విషాదం మనకు తెలిసిందే. పాత 1917 చట్టం స్థానంలో వచ్చిన 2021 అంతర్గత నౌకల చట్టం పడవ రిజిస్ట్రేషన్, తనిఖీ, సిబ్బంది అర్హత పత్రాల గురించి చెబుతుంది. ఒకసారి చదివి ఉంచుకోండి.

ఈ ఆదివారం చేయండి

ఇంట్లో వెడల్పాటి చదును గిన్నె, ఒక టబ్బు నీళ్లు తీసుకోండి. గిన్నె అడుగు వైశాల్యం కొలవండి. ఎన్ని గ్రాములు వేస్తే ఎంత మునుగుతుందో ముందు కాగితం మీద లెక్కేసి, తర్వాత స్కేలుతో చూడండి. తేడా వస్తే ఎందుకొచ్చిందో రాసుకోండి. గిన్నె గోడలు ఏటవాలుగా ఉన్నాయా? బరువు ఒక పక్కకు పడిందా? శ్రీసిటీలో కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్లినా, బలగాల ఎంపికకు వెళ్లినా, ‘మీరు సొంతంగా చేసిన ప్రయోగం ఒకటి చెప్పండి’ అంటే చెప్పడానికి మీ దగ్గర ఒక లెక్క, ఒక కొలత, వాటి మధ్య తేడాకు ఒక కారణం ఉంటాయి.