ట్రాక్టర్ ఒక్కోసారి స్టార్ట్ కావడం లేదా? బ్యాటరీ మార్చే ముందు ఇవి చూడండి

తొలకరి పడ్డాక పదును ఉండేది రెండు మూడు రోజులే. ఆ రోజుల్లోనే దుక్కి, విత్తనం పూర్తి కావాలి. సరిగ్గా అప్పుడే పొద్దున్నే తాళం తిప్పితే ట్రాక్టర్ పలకదు. పది నిమిషాలు ఆగి తిప్పితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. పూర్తిగా ఆగిపోయిన ఇంజన్ కంటే ఇలా వచ్చిపోయే లోపాన్ని పట్టుకోవడమే కష్టం, ఎందుకంటే మెకానిక్ వచ్చేసరికి బండి చక్కగా నడుస్తూ ఉంటుంది. అతను అంచనాతో బ్యాటరీ మార్పిస్తాడు, తర్వాత సెల్ఫ్ మోటారు విప్పుతాడు. వేల రూపాయలు పోయాక చూస్తే లోపం తుప్పు పట్టిన ఎర్త్ వైరు దగ్గర ఉంటుంది.

అందుకే బండి మొరాయించిన ఆ నిమిషంలో మీరు ఏం గమనించారన్నదే ముఖ్యం. కంగారుగా తాళం పదే పదే తిప్పకండి. ముందు ఒక్క విషయం తేల్చుకోండి: సెల్ఫ్ అసలు తిరగడం లేదా, లేక సెల్ఫ్ బాగానే తిరిగినా ఇంజన్ అందుకోవడం లేదా? మొదటిది కరెంటు లోపం, రెండోది దాదాపు ఎప్పుడూ డీజిల్ లోపం.

సెల్ఫ్ తిరగకపోతే

హెడ్‌లైట్లు వేసి, వాటిని చూస్తూ తాళం తిప్పండి. లైట్లు ఒక్కసారిగా ఆరిపోతే బ్యాటరీ టెర్మినల్ దగ్గర పట్టు లేదు. నెమ్మదిగా మసకబారి, సెల్ఫ్ మూలుగుతూ తిరిగితే బ్యాటరీలో చార్జి తక్కువగా ఉంది. లైట్లు వెలుగుతూనే ఉండి ‘టక్’ అనే శబ్దం మాత్రమే వస్తే సెల్ఫ్ మోటారును, దాని మీద ఉండే సోలినాయిడ్‌ను అనుమానించాలి. లైట్లు వెలుగుతూ శబ్దమే లేకపోతే తాళం స్విచ్, సన్న వైర్లు, లేదా క్లచ్ దగ్గర, గేరు దగ్గర ఉండే సేఫ్టీ స్విచ్ చూడాలి. క్లచ్ పూర్తిగా తొక్కి, హై-లో లీవరును ఒకసారి కదిపి మళ్లీ న్యూట్రల్‌లో పెట్టి చూడండి. అప్పుడు పలికితే లోపం ఆ స్విచ్ దగ్గరే.

ఎక్కువ బండ్లలో లోపం టెర్మినళ్ల దగ్గర, ఎర్త్ వైరు దగ్గర దొరుకుతుంది. పైకి గట్టిగా కనిపించినా క్లాంపు లోపల పొర పేరుకుని ఉండవచ్చు. ముందు నెగటివ్ వైరు తీయండి, బిగించేటప్పుడు దాన్నే చివర బిగించండి. తినే సోడా కలిపిన నీటితో కడిగి, ఉప్పు కాగితంతో రుద్ది మెరిసేలా చేయండి. సోడా నీరు బ్యాటరీ లోపలికి పోనీయవద్దు. బిగించిన తర్వాత పైన వాజిలిన్ రాయండి. ఎర్త్ వైరు రెండో కొసను చాలామంది మర్చిపోతారు. అది ఇంజన్‌కో ఛాసిస్‌కో బిగించిన చోట రంగు, మట్టి, నూనె ఉంటే అక్కడా గీకి శుభ్రం చేయాలి.

మల్టీమీటరు ఉంటే ఇంకా సులువు. రాత్రంతా ఆగిన బండిలో మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపుతుంది, 12.2 కంటే తగ్గితే చార్జి పెట్టించాలి. ఇంజన్ నడుస్తున్నప్పుడు సుమారు 13.8 నుంచి 14.4 వరకు ఉండాలి. నడుస్తున్నా పెరగకపోతే లోపం బ్యాటరీది కాదు, డైనమోది లేదా దాని బెల్టుది. కొత్త బ్యాటరీ వేసినా నాలుగు రోజుల్లో అదీ పడిపోతుంది.

బ్యాటరీ రాత్రికి రాత్రే దిగిపోతుంటే మీటరు లేకుండానే చేసే పరీక్ష ఒకటుంది. సాయంత్రం నెగటివ్ వైరు తీసి ఉంచండి. పొద్దున బిగించగానే బాగా స్టార్ట్ అయితే, ఎక్కడో కరెంటు కారుతోంది. తర్వాత బిగించుకున్న టేపు రికార్డరు, అదనపు లైట్ల అతుకులు ముందు చూడండి.

సెల్ఫ్ తిరిగినా ఇంజన్ అందుకోకపోతే

ముందుగా ఇంజన్ ఆపే నాబ్ పూర్తిగా లోపలికి వెళ్లిందో లేదో చూడండి. దాని కేబుల్ బిగుసుకుని సగంలో ఆగితే పంపుకు డీజిల్ అందదు. చిన్న విషయమే కానీ దీనికోసం నాజిళ్లు విప్పించుకున్నవాళ్లున్నారు.

రాత్రి ఆగి పొద్దున మొరాయించి, గాలి తీశాక రోజంతా బాగా నడిస్తే డీజిల్ లైనులోకి ఎక్కడో గాలి పడుతోంది. ఫిల్టర్ గిన్నె రబ్బరు రింగు, బోల్టుల కింది రాగి వాషర్లు, పైపు అతుకులు చూడండి. తడిగా ఉండి దుమ్ము అంటుకున్న చోటే లీకు. రోజూ గాలి తీస్తూ కాలం గడపడం కంటే ఆ వాషర్ మార్చడం చవక.

గంటసేపు దున్నాక దానంతట అదే ఆగిపోయి, కాసేపాగితే మళ్లీ నడుస్తుంటే ట్యాంకు మూత తిప్పి చూడండి. ‘స్స్’మని గాలి పీల్చుకుంటే మూతలోని సన్న రంధ్రం మట్టితో మూసుకుపోయింది. మూత శబ్దం చేయకపోతే ట్యాంకు అడుగున మడ్డి ఉండవచ్చు. ఇంజన్ నడిచేటప్పుడు అది పైపు నోటికి అడ్డుపడి, ఆపగానే జారిపోతుంది. ఫిల్టర్ కింద ప్లగ్ విప్పి నీరు దింపడం కూడా వారానికోసారి చేయండి, వానాకాలంలో ఇంకా తరచుగా.

చల్లగా ఉన్నప్పుడు బాగా స్టార్ట్ అయి, వేడెక్కాక ఆపితే మళ్లీ స్టార్ట్ కాకపోవడం వేరే సంగతి. సెల్ఫ్ వేగంగానే తిరుగుతుంటే డీజిల్ పంపు అరిగిందేమో పంపు వర్క్‌షాపులో చూపించాలి. అది ఇంట్లో విప్పే పని కాదు.

ఇవి మాత్రం చేయకండి

సెల్ఫ్ మోటారు బోల్టుల మధ్య స్క్రూడ్రైవర్ పెట్టి స్టార్ట్ చేయడం మన ఊళ్లలో మామూలైపోయింది. అలా చేస్తే సేఫ్టీ స్విచ్ పనిచేయదు. గేరులో ఉంటే బండి ఒక్కసారిగా కదులుతుంది, మీరు నిలబడేది సరిగ్గా పెద్ద టైరు ముందు. అలా నలిగి చనిపోయిన రైతులు ఉన్నారు. పాడైన సేఫ్టీ స్విచ్‌ను మార్పించండి, వైర్లు కలిపి దాటవేయకండి. ఎప్పుడైనా సీటు మీద కూర్చునే స్టార్ట్ చేయాలి.

చార్జి అవుతున్న బ్యాటరీ దగ్గర బీడీ, అగ్గిపుల్ల వద్దు, దాని నుంచి వచ్చే గ్యాసు పేలుతుంది. సెల్ఫ్‌ను ఒక్కసారికి పది సెకన్లకు మించి కొట్టకండి, మధ్యలో కనీసం నిమిషం ఆగండి. లేకపోతే వైండింగ్ కాలుతుంది.

మెకానిక్‌ను పిలవాల్సి వస్తే, బండి మొరాయించినప్పుడు ఫోనులో వీడియో తీసి ఉంచండి. శబ్దం, లైట్లు రెండూ అందులో వస్తాయి. పొద్దునా, పని మధ్యలోనా, వాన పడ్డాకా, ఎన్ని గంటలు ఆగాక అన్నది ఒక కాగితం మీద రాసుకోండి. మూడు నాలుగు సార్లు రాసేసరికి లోపం ఎటువైపు ఉందో మీకే కనిపిస్తుంది, మెకానిక్ కూడా అక్కడి నుంచే మొదలుపెడతాడు.