ప్రాగ్ నగరంలో ఆలుమగల మూడు రోజులు

"పిల్లల పెళ్లిళ్లయ్యాక ఎక్కడికైనా వెళ్దాం" అనుకుంటూనే చాలామంది దంపతులు ముప్పై ఏళ్లు గడిపేస్తారు. పొలం పనులు, ఉద్యోగం, ఫీజులు, పెద్దల అనారోగ్యం ఒకదాని వెంట ఒకటి వస్తూనే ఉంటాయి. ఇప్పుడు ఆ పిల్లలే జర్మనీలోనో ఇంగ్లండులోనో ఉద్యోగాలు చేస్తూ, "అమ్మా, నాన్నా, ఒకసారి వచ్చి చూసి వెళ్లండి" అని టిక్కెట్లు పంపుతున్నారు. పెళ్లి కాగానే అక్కడ కాపురం పెట్టిన కొత్త జంటలు కూడా మన కుటుంబాల్లో కొందరున్నారు.

అలా వెళ్లినవారిని టూరు కంపెనీలు పది రోజుల్లో ఆరు దేశాలు తిప్పుతాయి. బస్సు దిగడం, ఫోటో తీయించుకోవడం, మళ్లీ బస్సెక్కడం. భార్యాభర్తలు పక్కపక్క సీట్లలో కూర్చుంటారు గాని, అలసిపోయి ఆమె ఒకవైపు, ఆయన ఒకవైపు నిద్రపోతారు. తిరిగి వచ్చాక ఏ ఫోటో ఏ ఊళ్లోదో చెప్పడం కష్టం.

ఐరోపా వాసులు ఇలా చేయరు. శుక్రవారం సాయంత్రం బయలుదేరి, ఒకే ఒక నగరానికి వెళ్లి, రెండు మూడు రోజులు నిదానంగా తిరిగి వస్తారు. ఆలుమగలకు ఇది మంచి పద్ధతి. అందుకు తగిన నగరం ఒకటి ఈ నెల మీకు పరిచయం చేస్తున్నాము.

ఎందుకు ప్రాగ్?

ప్రాగ్ చెక్ రిపబ్లిక్ రాజధాని. పూర్వపు చెకోస్లొవేకియా 1993 జనవరి 1న రెండు దేశాలుగా విడిపోయినప్పుడు ఈ దేశం ఏర్పడింది. నగరం మధ్యగా వల్తావా నది ప్రవహిస్తుంది. ఒక గట్టున పాత పట్టణం, అవతలి గట్టున కొండ మీద కోట. పాత నగర భాగాన్ని 1992లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. ముఖ్యమైనవన్నీ నడిచి చేరుకోగల దూరంలోనే ఉంటాయి. కాళ్లు నొప్పి పెడితే ట్రాము ఉంది. బెర్లిన్ నుండి రైలులో సుమారు నాలుగున్నర గంటలు, వియన్నా నుండి సుమారు నాలుగు గంటలు ప్రయాణం.

తెల్లవారుజామున వంతెన మీద

చార్లెస్ వంతెనకు 1357లో రాజు నాల్గవ చార్లెస్ పునాది వేయించాడు. పొడవు 516 మీటర్లు. పదహారు కమానులు, ఇరువైపులా ముప్పై విగ్రహాలు. దీని మీద వాహనాలు తిరగవు. పగటిపూట జనంతో కిటకిటలాడుతుంది. తోపులాటలో ఒకరి చెయ్యి ఒకరు వదలకుండా ఉంటే చాలు అనిపిస్తుంది.

అందుచేత తెల్లవారుజామునే వెళ్లండి. జూన్ నెలలో ఐదు గంటలకే వెలుగు వస్తుంది. ఆ వేళకు నది మీద పలుచటి మంచు, ఎదురుగా కోట, అడుగుల చప్పుడు తప్ప వేరే శబ్దం ఉండదు. పల్లెల్లో పెరిగినవారికి వేకువనే లేవడం కష్టం కాదు గదా! డబ్బు ఖర్చు లేకుండా ప్రాగ్ ఇచ్చే అత్యుత్తమమైన గంట ఇదే. ఎక్కడో ఒకచోట ఆగి గోడకు ఆనుకొని నిలబడండి. కెమెరా కాసేపు సంచిలోనే ఉండనివ్వండి.

వంతెన దాటి కోట వరకు ఎక్కితే సెయింట్ వైటస్ కేథడ్రల్ కనిపిస్తుంది. దానికి 1344లో పునాది వేశారు. పూర్తయినది 1929లో. మొదటి రాయి పేర్చినవారి మనుమల మనుమలు కూడా దాని ముగింపు చూడలేదు. ఇల్లు కట్టుకోవడానికి పదేళ్లు పట్టిందని బాధపడే దంపతులు దీని ముందు నిలబడి నవ్వుకోవచ్చు.

గడియారం కింద పెళ్లిబట్టలు

పాత పట్టణ చౌకులో పురపాలక భవనపు గోడకు 1410 నాటి గడియారం ఉంది. సూర్యచంద్రుల స్థానాలను కూడా చూపిస్తుంది. పగటివేళ గంట గంటకూ పైనున్న చిన్న కిటికీలు తెరుచుకొని పన్నెండుమంది అపొస్తలుల బొమ్మలు వరుసగా కదిలి వెళతాయి. పక్కన అస్థిపంజరం బొమ్మ ఒకటి గంట కొడుతుంది. మనిషికున్న కాలం కొంచెమేనని చెప్పడానికి ఆనాటివారు దాన్ని అక్కడ పెట్టారు.

అదే భవనంలో పెళ్లిళ్లు రిజిస్టరు చేస్తారు. అందువలన ఒక్కోసారి గంట మోగే వేళకే తెల్లని గౌనులో పెళ్లికూతురు, సూటులో పెళ్లికొడుకు బయటికి వస్తూ కనిపిస్తారు. ముప్పై ఏళ్ల కిందట పెళ్లయిన జంట ఆ దృశ్యం చూసి తమ పెళ్లినాటి సంగతులు చెప్పుకోకుండా ఉండగలరా?

చౌకు మధ్యనున్న పెద్ద కంచు విగ్రహం యాన్ హుస్‌ది. 1402 నుండి ఇక్కడి బేత్లెహేము ప్రార్థనాలయంలో లాటిన్ కాక ప్రజల భాషయైన చెక్‌లో ప్రసంగించిన బోధకుడాయన. 1415 జూలై 6న కాన్‌స్టాన్స్ నగరంలో ఆయనను సజీవంగా దహనం చేశారు. లూథర్ సంస్కరణకు ఇది నూరేళ్ల ముందటి మాట. ఆ మరణానికి 500 ఏళ్లు నిండిన 1915లో ఈ విగ్రహాన్ని నెలకొల్పారు. జూలై 6 నేటికీ ఆ దేశంలో సెలవు దినము. ప్రార్థనాలయాన్ని 1950లలో తిరిగి కట్టారు. చౌకు నుండి కొద్దిపాటి నడకే. మన పాఠకులు దాన్ని తప్పక చూడాలనుకుంటారు.

పెట్రిన్ కొండ మీద కవి

నదికి పడమటి గట్టున పెట్రిన్ అనే పచ్చని కొండ ఉంది. తోటలు, పండ్ల చెట్లు, బెంచీలు. పైన 1891లో ఈఫిల్ టవర్‌ను చూసి కట్టిన ఉక్కు గోపురం. దానికి 299 మెట్లు. మోకాళ్ల నొప్పులున్నవారు గోపురం ఎక్కకపోయినా నష్టం లేదు. సగం కొండ ఎక్కి బెంచీ మీద కూర్చున్నా నగరం ఎర్రపెంకుల కప్పులన్నీ కింద కనిపిస్తాయి.

ప్రతి మే 1న ఈ కొండకు జంటలు తరలివస్తాయి. పూచిన చెట్టు కింద ప్రేమించినవాడు ముద్దు పెడితే ఆ సంవత్సరమంతా స్త్రీ వాడిపోకుండా ఉంటుందని వారి నానుడి. నవదంపతులే కాదు, తల నెరిసిన జంటలు కూడా వస్తారు. చెట్ల మధ్యనున్న కవి కారెల్ హినెక్ మాఖా విగ్రహం దగ్గర పూలు ఉంచుతారు.

ఈ కవి కథ తెలుసుకోదగినది. 1836లో ఆయన "మే నెల" అనే అర్థం వచ్చే పేరుతో ఒక కావ్యం సొంత డబ్బుతో అచ్చు వేయించుకున్నాడు. అప్పుడు దాన్ని మెచ్చుకున్నవారు తక్కువ. నేడు చెక్ బడిపిల్లలందరికీ అది తెలుసు. అదే సంవత్సరం నవంబరు 8న ఆయన పెళ్లి జరగవలసి ఉంది. అంతకు ముందు ఊళ్లో జరిగిన అగ్నిప్రమాదంలో మంటలార్పడానికి వెళ్లి వచ్చిన కొద్ది రోజులకు జబ్బుపడి, నవంబరు 6న కన్నుమూశాడు. ఇరవై ఆరేళ్లు కూడా నిండలేదు. పెళ్లికి అనుకున్న రోజునే ఆయనను సమాధి చేశారు.

పెళ్లినాటికి చేరలేకపోయిన యువకుని దగ్గరకు, కలిసి బ్రతికే భాగ్యం కలిగిన జంటలు ప్రతి యేడు పూలు తెస్తున్నాయి. "తరువాత చూద్దాం" అనే మాట అలవాటైన మనకు ఈ కొండ మీద ఆలోచించుకోవలసింది చాలా ఉంది.

నదిలో ఒక గంట

వేసవి నెలల్లో నేషనల్ థియేటరు దగ్గరున్న చిన్న దీవి వద్ద కాళ్లతో తొక్కే పడవలు అద్దెకిస్తారు. కొన్ని హంస ఆకారంలో ఉంటాయి. ఇద్దరూ కలిసి తొక్కితేనే పడవ తిన్నగా సాగుతుంది. ఒకరు తొక్కి మరొకరు ఊరుకుంటే ఏమవుతుందో కాపురం చేసినవారికి వేరే చెప్పనక్కరలేదు. జూన్‌లో రాత్రి తొమ్మిది దాటేదాకా వెలుగుంటుంది కనుక సాయంత్రం వెళ్లడం మంచిది. డిసెంబరులో నాలుగింటికే చీకటి పడుతుంది. అప్పుడు పడవలుండవు గాని, చౌకులో క్రిస్మస్ సంత, దీపాలు ఉంటాయి.

కమానులకు, రెయిలింగులకు ప్రేమ తాళాలు వేసి తాళంచెవి నదిలో పడేసే అలవాటు ఐరోపాలో వ్యాపించింది. మీరు వేయకండి. పారిస్‌లో ఒక వంతెన మీద ఇలా వేసిన తాళాల బరువుకు 2014 జూన్‌లో రెయిలింగులో కొంత భాగం కూలిపోయింది. మరుసటి ఏడు సుమారు 45 టన్నుల తాళాలు తొలగించారు. కలిసి ఉండడానికి ఇనుప తాళంతో పని లేదు.

భోజనము, సంగీతము

సాయంత్రాలు అనేక పాత చర్చీల్లో ఆర్గన్, వయొలిన్ కచేరీలు జరుగుతాయి. మోజార్ట్ తన "డాన్ జొవాన్ని" సంగీతనాటకాన్ని 1787 అక్టోబరు 29న మొదట ప్రదర్శించినది ఈ నగరంలోని ఎస్టేట్స్ థియేటరులోనే. ఆ భవనం ఇప్పటికీ నడుస్తోంది.

భోజనంలో "క్నెడ్లికీ" అనే ఉడికించిన పిండి ఉండలు రుచి చూడండి. ప్లమ్ పండో, ఆప్రికాట్ పండో లోపల పెట్టి చేసే తియ్యని రకం మన పూర్ణాలను తలపిస్తుంది. ఒక పళ్లెం తెప్పించుకొని ఇద్దరూ పంచుకుంటే సరిపోతుంది.

వెళ్లేముందు గుర్తుంచుకోండి

1. చెక్ రిపబ్లిక్‌కు షెంగెన్ వీసా కావాలి. ఇంగ్లండు వీసా దీనికి పనికిరాదు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా కూడా తప్పనిసరి.

2. అక్కడి డబ్బు కొరునా, యూరో కాదు. వీధుల్లో డబ్బు మార్చే దుకాణాల కన్నా బ్యాంకు ఏటీయం నయం.

3. ట్రాము టిక్కెట్టు కొనగానే సరిపోదు. కాగితపు టిక్కెట్టయితే ఎక్కగానే పసుపు యంత్రంలో ముద్ర వేయించుకోవాలి. లేకపోతే జరిమానా.

4. పాత పట్టణంలో వీధులు చాలావరకు రాళ్లు పరిచినవి. చీర కట్టినా మడమ లేని మెత్తటి బూట్లు వేసుకోండి.

5. గడియారం దగ్గర, కిక్కిరిసిన ట్రాముల్లో జేబుదొంగలుంటారు. పాస్‌పోర్టులు లోపలి సంచిలో భద్రం.

6. రోజుకు ఒక్క పెద్ద స్థలం చాలు. మిగిలిన వేళ నడకకు, మాటలకు ఉంచండి. పిల్లలు వెంట వచ్చినా ఒక పూట మిమ్మల్ని ఇద్దరినే వదలమని అడగండి. అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. ఆ నగరంలో డెబ్బై ఏళ్లవారు కూడా చెయ్యి చెయ్యి పట్టుకొనే నడుస్తారు.

7. అప్పు చేసి మాత్రం వెళ్లవద్దు. వాయిదాలు కట్టుకుంటూ తలచుకునే ప్రయాణం తియ్యగా ఉండదు.

ప్రాగ్‌లో జంటలకు ఎక్కువగా గుర్తుండేవన్నీ దాదాపు ఉచితంగా దొరికేవే: వేకువ వెలుగు, వంతెన గోడ, కొండ మీది బెంచీ, తొందర లేని మాట. ఆ ప్రయాణం ఎప్పటికీ కుదరనివారు ఈ సాయంత్రమే పని త్వరగా ముగించుకొని చెరువు గట్టు వరకు ఇద్దరూ నడిచి రావచ్చు. ఆమె రెండడుగులు వెనుక కాకుండా పక్కనే నడిస్తే చాలు. వెళ్లగలిగినవారు మాత్రం క్యాలెండరు తీసి, ఈ రోజే ఒక తేదీ చుట్టూ గీత గీయండి.