జీవకణములోని ద్రవబిందువులు

చారుపై తేలు నూనెచుక్కలు ఒకదానిలో నొకటి కలిసిపోవుట మనమెల్లరము చూచినదే. జీవకణములోను ఇట్టి బిందువులు కలవు. పొర యేదియు లేకయే ప్రొటీనులు, ఆర్.ఎన్.ఏ. ఒకచోట గుమిగూడి ఇవి ఏర్పడును. వీనిని బయోమాలిక్యులర్ కండెన్సేట్లందురు. 2009లో బ్రాంగ్విన్, హైమన్ ప్రభృతులు సి. ఎలిగాన్స్ అను నులిపురుగు పిండములోని 'పి' రేణువులకు వెలుగునిచ్చు గుర్తు తగిలించి, వరుసగా చిత్రములు తీసిరి. రేణువులు కలిసిపోవుటయు, కేంద్రకమునంటి జారుటయు అందు కనబడెను. అవి ద్రవములని తేల్చినది ఈ చలనమే.

రూపమును మాత్రము నమ్మరాదు. సాధారణ కాంతి సూక్ష్మదర్శినిలో సుమారు 200 నానోమీటర్లకంటె చిన్న వస్తువు, దాని ఆకారమేదైనను, గుండ్రని చుక్కగానే కనబడును. కంప్యూటరు ప్రతి పిక్సెలు వెలుగును అంకెగా చదువును. ఎంత వెలుగున్న రేణువనవలెనో హద్దు పెట్టువాడు మనుష్యుడే. హద్దు జరిపినచో రేణువుల సంఖ్యయు, పరిమాణమును మారును. కావున హద్దును ఫలితము చూడకముందే నిర్ణయించి, అన్ని చిత్రములకును ఒకే రీతిని వర్తింపజేయుట న్యాయమని మా అభిప్రాయము. లేసరుతో రేణువులో కొంతభాగపు వెలుగునార్పి, అది తిరిగి వచ్చు కాలమును కొలుచుట మరొక పరీక్ష. అదియు ఒంటరిగా చాలదు.

ఇంత జాగ్రత్త యేల? ఎఫ్.యు.ఎస్. అను ప్రొటీను బిందువులు కాలక్రమమున గట్టిపడుననియు, ఏ.ఎల్.ఎస్. అను నరముల వ్యాధి రోగులలో కనబడు మార్పు అందున్నచో మరింత త్వరగా గట్టిపడుననియు 2015లో వెల్లడైనది. గట్టిపడిన బిందువులు తాకినను కలియవు. ఆర్పిన వెలుగు తిరిగి రాదు.