రోడ్డు మీద గుడ్లు పెట్టే పురుగు

హాస్టల్ రూమ్ ఎంచుకునేటప్పుడు మనం ఏం చూస్తాం? ఫ్యాన్ తిరుగుతోందా, వైఫై వస్తోందా, మెస్ ఎంత దూరం. రూమ్మేట్ గురక పెడతాడా లేదా అన్నది ఆ ఐదు నిమిషాల్లో తెలీదు. జంతువులకీ ఇదే తిప్పలు. చాలా పక్షులు గూడు కట్టే రోజుకి, వాటి పిల్లలు తినాల్సిన పురుగులు ఇంకా పుట్టి కూడా ఉండవు. అందుకే అవి చోటుని కొలవవు, గుర్తులు చూస్తాయి: పచ్చదనం ఎంతుంది, తన జాతి పక్షులు ఇక్కడ ఉన్నాయా, పోయినేడు ఇక్కడ పిల్లలు బతికాయా. మన భాషలో చెప్పాలంటే హ్యూరిస్టిక్. పూర్తి లెక్క వేసే టైమ్ లేనప్పుడు వాడే అడ్డదారి.

చోటు దొరికాక దాన్ని కాపాడుకోవడానికీ లెక్క ఉంది. కెన్యాలో తేనెపిట్టల మీద గిల్, వుల్ఫ్ అనే ఇద్దరు 1975లో చూపించింది ఇదే: పూలలో తేనె మరీ తక్కువైనా, చుట్టూ మరీ ఎక్కువున్నా కాపలా దండగ. తరమడానికి అయ్యే ఖర్చుకంటే మిగిలేది ఎక్కువైతేనే పిట్ట పోట్లాడుతుంది. బాగుంది కానీ ఈ లెక్కంతా ముందు చోటు సరిగ్గా ఎంచుకుంటేనే. గుర్తే అబద్ధం చెబితే?

మేఫ్లై అని ఒక చిన్న పురుగు ఉంది. బతుకులో ఎక్కువ భాగం నీళ్లలో పిల్లపురుగుగానే గడిపేసి, చివర్లో రెక్కలొచ్చాక కొన్ని గంటలో, ఒకటి రెండు రోజులో ఉంటుంది. అప్పుడు తినడానికి పనిచేసే నోరు కూడా ఉండదు పాపం. జత కట్టాలి, నీళ్లలో గుడ్లు పెట్టాలి, అంతే. మరి నీళ్లని ఎలా కనిపెడుతుంది? నీటి మీద పడి తిరిగొచ్చే కాంతి అడ్డంగా పోలరైజ్ అయి ఉంటుంది (ఫస్టియర్ ఫిజిక్స్‌లో చదివి మర్చిపోయిన పోలరైజేషనే). మేఫ్లై కళ్లు దాన్ని గుర్తుపడతాయి. కోట్ల ఏళ్లుగా అలాంటి కాంతి కనిపించిందంటే అక్కడ నీళ్లున్నట్టే.

తర్వాత మనం తారు రోడ్లు వేశాం. నల్లగా నున్నగా ఉన్న తారు, కాంతిని నీళ్లకంటే గట్టిగా పోలరైజ్ చేయగలదు. హంగరీలో వాగు పక్కనున్న రోడ్డు మీద మేఫ్లైలు గుంపులుగా దిగి గుడ్లు పెట్టడం గురించి క్రిస్కా, హోర్వాత్, మరో సహచరుడు 1998లో రాశారు. అసలు వాగు పక్కనే ఉంది. అయినా పురుగుకి రోడ్డే వాగుకంటే మంచి వాగులా కనిపించింది. గుడ్లు అక్కడే ఎండిపోతాయి. దాని కోడ్‌లో బగ్ ఏమీ లేదు, ఇన్‌పుట్టే మారిపోయింది. శాస్త్రజ్ఞులు దీన్ని ఎకలాజికల్ ట్రాప్ అంటారు, తెలుగులో ‘ఆవాసపు ఉచ్చు’ అనుకుందాం.

సోలార్ ప్యానెళ్లదీ ఇదే కథ. హోర్వాత్ బృందమే 2010లో ఒక చిన్న ఉపాయం కూడా చూపించింది: ప్యానెల్‌ని సన్నటి తెల్ల గీతలతో గళ్లుగా విడగొడితే పురుగులు దిగడం బాగా తగ్గుతుంది. నాకు ఈ సబ్జెక్టులో బాగా నచ్చిన ముక్క ఇదే.

ఇప్పుడు మన తీరానికి వద్దాం. చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన సముద్రతీరానికి వచ్చి, రాత్రిపూట ఇసుక తవ్వి ఒక్కో గూట్లో వందకి అటూ ఇటూగా గుడ్లు పెడతాయి. సుమారు 45 నుంచి 60 రోజులకి పిల్లలు బయటికొస్తాయి, అదీ ఎక్కువగా రాత్రే. వాటి హ్యూరిస్టిక్ ఒక్క లైనే: వెలుతురున్న వైపు నడువు. లైట్లు లేని తీరంలో ఆ వెలుతురు సముద్రం మీది ఆకాశం, చీకటి వైపు ఇసుక దిబ్బలు, చెట్లు. బీచ్ రోడ్డు మీద వీధిలైట్లు, హోటళ్లు వచ్చాక ఆ వెలుతురు వెనక్కి మారింది. పిల్లలు రోడ్డు వైపు పాకి, అలిసిపోయి, కుక్కలకో కాకులకో దొరుకుతాయి. విశాఖలో అటవీ శాఖ వాళ్లు గుడ్లని తీసి కంచె వేసిన హేచరీల్లో పాతిపెట్టి, పిల్లల్ని సముద్రంలో వదులుతున్నారు. ఇంకో దారి లైటునే మార్చడం: కిందికి మాత్రమే పడేలా మూత పెట్టడం, తెల్ల లైటు బదులు ఎర్రటి కాషాయ రంగు వాడటం.

తాబేళ్ల దగ్గర ఇంకో చిక్కుంది. ఆడవి పెద్దయ్యాక వేల కిలోమీటర్లు తిరిగినా గుడ్లకి తాము పుట్టిన తీరప్రాంతానికే వస్తాయి. ఎలా? వీటి చుట్టాలైన లాగర్‌హెడ్ తాబేళ్ల గూళ్ల లెక్కలు ఫ్లోరిడాలో 19 ఏళ్లవి తీసి చూశారు బ్రదర్స్, లోమన్ అనే పరిశోధకులు. భూమి అయస్కాంత క్షేత్రం ఏళ్లు గడిచేకొద్దీ కొంచెం జరిగితే, గూళ్లు ఎక్కువగా పడే చోట్లూ దాన్నిబట్టే మారాయని 2015లో చెప్పారు. అంటే పుట్టిన చోటి అయస్కాంత అడ్రస్ బుర్రలో సేవ్ అయిపోతుందన్నమాట. సేవ్ అయ్యేది అడ్రస్సే, అక్కడి పరిస్థితి కాదు.

రిడ్లే గుడ్లు పెట్టే వయసుకి రావడానికి పదేళ్ల పైనే పడుతుంది. ఈ మార్చిలో విశాఖ ఇసుకలోంచి బయటపడ్డ పిల్ల తిరిగొచ్చేసరికి మనకి ఉద్యోగాలు, ఈఎంఐలు ఉంటాయి. లైట్లు మరీ ఎక్కువున్న చోట తల్లి తాబేళ్లు కూడా ఒడ్డెక్కడానికి వెనకాడతాయి. ఒక్కోసారి గుడ్లు పెట్టకుండానే నీళ్లలోకి వెళ్లిపోతాయి.