ఇంగ్లీషు పరోక్ష కథనమున 'ఈ', 'ఆ'

షాద్‌నగరు రైలు స్టేషనులో ఒక ప్రయాణికునితో స్టేషను మాస్టరు, "ఈ బండి కర్నూలు పోదు, కర్నూలు బండి ఇక్కడకే వచ్చును" అన్నాడనుకొందము. దీనిని ఇంగ్లీషున పరోక్ష కథనముగా మార్చుమన్నచో మన బాలురు క్షణములో 'దిస్'ను 'దట్' చేయుదురు, 'హియర్'ను 'దేర్' చేయుదురు. మార్కులును వచ్చును. కాని ఆ ప్రయాణికుడే ఇంకను ఆ ప్లాట్‌ఫారము మీద, ఆ బండి ప్రక్కనే నిలిచి, మరియొకనికి ఈ మాట అందించునప్పుడు 'దట్ ట్రైన్', 'దేర్' అన్నచో, వినువాడు ఏ బండి, ఎక్కడ అని చుట్టును చూడవలసినదే. అక్కడ 'దిస్', 'హియర్' మారరాదు. మాటను తిరిగి చెప్పువాడు ఎక్కడ నిలిచి చెప్పుచున్నాడన్నదే కొలత. క్రియాకాలముల చర్చను నేడు ఎత్తుకొనము.

రెన్, మార్టిన్‌ల వ్యాకరణమున సామీప్యమును తెలుపు పదములు 'సాధారణముగా' మారునని కలదు. అదే చోట, అదే కాలమున చెప్పినచో మారవనియు కలదు. పట్టికను కంఠస్థము చేయించు తొందరలో ఆ 'సాధారణముగా'ను మన తరగతి గదులు వదలివేసినవి.

ప్రయాణికుడు హైదరాబాదు చేరి ఇంటివారికి చెప్పునప్పుడు 'దట్ ట్రైన్' సాధువే. అయినను ఇంగ్లీషువారు అట్టిచోట తరచుగా 'ద ట్రైన్' అనియో, ప్రసక్తి అదివరకే వచ్చియున్నచో 'ఇట్' అనియో అందురు. మన 'అని'కి సాటియైన 'దట్' వెంటనే 'ఆ' అను అర్థమున మరియొక 'దట్' వచ్చుట తప్పు కాదు గాని, నాలుక తడబడును. మైకు ముందు కూర్చుండు మాకు ఆ తడబాటు తెలియును.

చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణమున ఆ, ఈ, ఏ లను త్రికమనిరి. ఆ భేదము మనకు ఉగ్గుపాలతో వచ్చినదే. అయితే మన 'అని' మిక్కిలి ఉదారమైనది. 'తాను రేపు వత్తునని చెప్పినాడు' అందుము: 'నేను' పోయి 'తాను' వచ్చినది, 'వత్తును' మాత్రము మొదటి వక్త నోట నున్నట్లే నిలిచినది. అట్లే 'ఈ'యును నిలువవచ్చును. ఎదుటివానికి గొంతును, చేతి సైగయు అర్థము చెప్పును.

రేడియోకు చేయి లేదు. షాద్‌నగరు సభలో ఒకరు "ఇక్కడ కళాశాల కట్టింతుము" అన్నారనుకొందము. హైదరాబాదు నుండి 'ఇక్కడ' అనియే చదివినచో కళాశాల నగరమునకు తరలిపోవును. 'అక్కడ' అన్నచో షాద్‌నగరు శ్రోతకు తన ఊరే దూరమైనట్లుండును. కనుక రెండును మాని ఊరి పేరే చెప్పుదుము.

పరీక్ష వ్రాయు బాలునకు ఒక మాట. ఎవరు, ఎక్కడ నుండి చెప్పుచున్నారో ప్రశ్నలో లేనప్పుడు 'దట్', 'దేర్' అనియే వ్రాయవలెను. వేరు జవాబును పరీక్షకుడు ఒప్పుకొనునని మేము పూచీపడజాలము.